దిగువ కృష్ణా డెల్టాలో చెరువు గట్లు, వరద ముంపు, న్యాయపరమైన బాధ్యత

దిగువ కృష్ణా డెల్టాలో వరద నష్టాన్ని సాధారణంగా రెండు కారణాలతో వివరిస్తారు: ఎగువ నుండి వచ్చే నదీ ప్రవాహం, తుఫానుతో కురిసే వర్షం. 2024 సెప్టెంబరు 2న ప్రకాశం బ్యారేజి నుండి 11.43 లక్షల క్యూసెక్కుల నీరు దిగువకు విడుదలైంది. అదే సమయంలో బుడమేరుకు గండ్లు పడి విజయవాడ ఉత్తర భాగం మునిగింది. ఆ నీరు తరువాతి రోజులలో కొల్లేరు వైపు సాగింది. ఈ రెండు కారణాలూ ప్రకృతి సంబంధమైనవే. అయితే పొలంలో నీరు ఎంత లోతున, ఎన్ని రోజులు నిలిచినదన్నది వర్షంపైననే ఆధారపడి ఉండదు. నీటి దారిలో మనిషి ఏమి కట్టినాడన్నది కూడా దానిని నిర్ణయిస్తుంది. ఈ మూడవ కారణం న్యాయస్థానాల ముందుకు వచ్చినప్పుడు తలెత్తే ప్రశ్నలను, వాటిలో వ్యవసాయ శాస్త్రజ్ఞుని పాత్రను ఈ వ్యాసం వివరిస్తుంది.

గుడివాడ, కైకలూరు, మచిలీపట్నం, దివిసీమ ప్రాంతాలలో గత నాలుగు దశాబ్దాలలో వరి భూములు, ఉప్పుటేళ్ళ వెంబడి బీళ్ళు, తంపర భూములు పెద్ద ఎత్తున చేపల, రొయ్యల చెరువులుగా మారాయి. ఈ మార్పు వలన అనేక కుటుంబాల ఆదాయం పెరిగినది. ఎగుమతులు పెరిగినవి. దీనిని కాదనలేము. కాని ఎకరా వరి పొలం వర్షపు నీటిని కొంతకాలం నిలుపుకొని మెల్లగా మురుగు బోదెలోకి వదులుతుంది. ఎత్తైన గట్లు గల చెరువు ఆ పని చేయదు. వరద సమయంలో అది డెల్టా ఉపరితలంపై ఒక దిమ్మెవలె నిలుస్తుంది.

నీటి లెక్క

ఈ ప్రభావాన్ని ఒక సరళమైన ఉదాహరణతో గ్రహించవచ్చు. 600 హెక్టార్ల పల్లపు ప్రాంతంలో సగటున ఒక మీటరు లోతున వరద నీరు నిలిచినదనుకొందాం. హెక్టారుకు 10,000 ఘనపు మీటర్ల చొప్పున మొత్తం నీరు 60 లక్షల ఘనపు మీటర్లు. ఆ ప్రాంతంలో 100 హెక్టార్లలో వరద మట్టం కంటె ఎత్తైన గట్లతో చెరువులు త్రవ్వినట్లయితే అదే నీరు మిగిలిన 500 హెక్టార్లలో సర్దుకోవలసి వస్తుంది. అప్పుడు లోతు 1.2 మీటర్లవుతుంది. ఒక్క చుక్క వర్షం అదనంగా కురవకుండానే వరి పొలంపై ఇరవై సెంటీమీటర్ల నీరు పెరిగినది.

లోతు కంటె ముఖ్యమైనది నీరు నిలిచే కాలం. ఆ ప్రాంతపు మురుగు కాలువ సెకనుకు 10 ఘనపు మీటర్ల నీటిని తీసివేయగలదనుకొంటే రోజుకు 8.64 లక్షల ఘనపు మీటర్ల చొప్పున 60 లక్షల ఘనపు మీటర్లు సుమారు ఏడు రోజులలో తొలగిపోతాయి. వెడల్పైన కాలువలో ప్రవాహం లోతు యొక్క 5/3 ఘాతానికి అనులోమానుపాతంలో ఉంటుంది. చెరువుల నుండి వదలిన మడ్డి, గట్ల నుండి కోసుకొని వచ్చిన మట్టి, గుర్రపు డెక్క పేరుకొని కాలువలో పనికివచ్చే లోతు సగానికి తగ్గితే ప్రవాహం సగానికి కాదు, 31 శాతానికి పడిపోతుంది. అప్పుడు అదే నీరు తొలగడానికి సుమారు 22 రోజులు పడుతుంది. వాస్తవ క్షేత్రంలో ప్రవాహం రోజు రోజుకు మారుతుంది. సముద్రపు పోటు సమయంలో మురుగు తలుపులు మూయవలసి వస్తుంది. కనుక ఈ అంకెలు ఏ గ్రామానికీ యథాతథంగా వర్తించవు. అయినప్పటికీ ప్రభావం ఏ దిశలో, ఏ పరిమాణంలో ఉంటుందో ఇవి తెలియజేస్తాయి.

డెల్టా మురుగు సమస్య కొత్తది కాదు. 1960వ దశకంలోనే మిత్రా కమిటీ కృష్ణా, గోదావరి డెల్టాల మురుగు వ్యవస్థను పరిశీలించి మెరుగుదలకు సిఫార్సులు చేసింది. నాటి ప్రణాళికలు డెల్టా ప్రధానంగా వరి భూమి అన్న భావనపై నిర్మితమైనవి. భూమి వాడకం మారినంతగా మురుగు కాలువల రూపకల్పన మారలేదు.

పంటపై ప్రభావం

పిలకల దశలో సాధారణ వరి రకాలు పూర్తిగా మునిగి ఒక వారానికి మించి ఉంటే బ్రతికి బయటపడడం కష్టం. ముంపును తట్టుకొనే సబ్-1 జన్యువును చొప్పించి 2009లో విడుదల చేసిన స్వర్ణ సబ్-1 వంటి రకాలు సుమారు రెండు వారాల వరకు తట్టుకొనగలవు. పై ఉదాహరణతో పోల్చి చూస్తే ఏడు రోజుల ముంపులో రైతుకు ఆశ ఉన్నది. ఇరవై రెండు రోజుల ముంపులో ఏ రకమూ రక్షించలేదు. అనగా మురుగు వ్యవస్థ దెబ్బ తిన్నచోట వంగడాల పరిశోధన ఫలితం కూడా రైతుకు అందకుండా పోతుంది.

రెండవ ప్రభావం ఉప్పదనం. మృత్తికా సారం విద్యుద్వాహకత మీటరుకు 3 డెసిసీమెన్లు దాటిన తరువాత ప్రతి యూనిట్ పెరుగుదలకు వరి దిగుబడి సుమారు 12 శాతం చొప్పున తగ్గుతుందని ప్రామాణిక అంచనా. విద్యుద్వాహకత 6కు చేరితే దిగుబడిలో మూడవ వంతుకు పైగా పోతుంది. ఉప్పునీటి చెరువు గట్టు నుండి ఊట పక్క పొలంలోకి చేరడం, వరద వేళ గట్టు తెగి ఆ నీరు పొలంపై పరచుకోవడం, ఈ రెండూ సార్వా పంటతో పాటు తరువాతి పంటను కూడా దెబ్బ తీస్తాయి.

ఇక్కడ గమనించదగిన సామాజిక పరిణామం ఒకటి ఉన్నది. ఒక రైతు చెరువు త్రవ్వగానే పక్క రైతు పొలం నీరు తీయడం మాని ఊటెక్కుతుంది. రెండు మూడు పంటలు నష్టపోయిన తరువాత అతడు కూడా భూమిని చెరువుకు లీజుకివ్వక తప్పని స్థితి ఏర్పడుతుంది. చెరువు వలన ముంపు, ముంపు వలన మరొక చెరువు. ఈ గొలుసులో చివరి వరి రైతు అందరికంటె ఎక్కువ నష్టపోతాడు. తరచు అతడు కౌలు రైతు.

కార్వేటినగరం నుండి జగన్నాథ్ తీర్పు వరకు

నిలువ చేసిన నీరు పొరుగువానికి నష్టం కలిగిస్తే బాధ్యత ఎవరిదన్న ప్రశ్నపై ఆంగ్ల న్యాయంలో 1868 నాటి రైలాండ్స్ వర్సెస్ ఫ్లెచర్ తీర్పు ప్రసిద్ధమైనది. ప్రమాదకరమైన వస్తువును తన భూమిలో చేర్చుకొన్నవాడు, అది తప్పించుకొని పోయి నష్టం కలిగిస్తే, నిర్లక్ష్యం లేకపోయినా బాధ్యుడేనని ఆ తీర్పు సారం. ఈ సూత్రం కొద్ది సంవత్సరాలలోనే తెలుగు నేల మీద పరీక్షకు వచ్చింది. నేటి చిత్తూరు జిల్లాలోని కార్వేటినగరం జమీందారీలో చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ మార్గానికి నష్టం కలిగినది. కంపెనీ దావా వేసింది. 1874లో ప్రీవీ కౌన్సిల్ జమీందారుకు బాధ్యత లేదని తీర్పు చెప్పింది. ఆ చెరువులు ప్రాచీనమైనవి, ప్రజల జీవనానికి అవసరమైనవి, వాటిని కాపాడడం జమీందారు విధి, నిర్వహణలో నిర్లక్ష్యం రుజువు కాలేదు అన్నవి దానికి కారణాలు.

ఈ తీర్పులోని తర్కాన్ని జాగ్రత్తగా గ్రహించాలి. ప్రజా ప్రయోజనం కొరకు తరతరాలుగా ఉన్న సాగునీటి చెరువుకు ఇచ్చిన మినహాయింపు, వ్యక్తిగత లాభం కొరకు కొత్తగా త్రవ్విన వాణిజ్య చెరువుకు దానంతట అదే వర్తించదు. పేరు రెండింటికీ చెరువే, న్యాయ స్వభావం వేరు.

1882 నాటి భారత సుఖభోగ హక్కుల చట్టం 7వ సెక్షన్ మరొక ఆధారం. ఎగువ భూమిలో సహజంగా పుట్టిన లేదా కురిసిన నీరు నిర్దిష్టమైన కాలువ లేకపోయినా సహజంగా దిగువ భూమిలోకి పారడానికి ఎగువ భూస్వామికి హక్కు ఉన్నదని ఆ సెక్షన్ ఉదాహరణలలో ఒకటి చెబుతుంది. నీరు పల్లమెరుగు అన్న సామెతను చట్టం హక్కుగా గుర్తించిందని చెప్పవచ్చు. దీనికి ఎదురుగా, అసాధారణమైన వరద నుండి తన భూమిని గట్టు కట్టి రక్షించుకొనే హక్కు భూస్వామికి ఉన్నదన్న వాదం కూడా నిలిచి ఉన్నది. 1921లో జెరార్డ్ వర్సెస్ క్రో కేసులో ప్రీవీ కౌన్సిల్ దానిని ఆమోదించింది. కనుక వ్యాజ్యంలో తేలవలసినది ఇదే: పొలాన్ని ముంచినది అసాధారణమైన వరద నీరా, ఏటా సహజంగా పారే మురుగు నీరా? ఆ గట్టు రక్షణ కొరకు కట్టినదా, నీటి దారిని మూసినదా?

ఆక్వా సాగు విషయంలో ప్రధానమైన తీర్పు ఎస్. జగన్నాథ్ వర్సెస్ యూనియన్ ఆఫ్ ఇండియా. గ్రామ స్వరాజ్య ఉద్యమ నాయకుడు జగన్నాథన్ 1994లో వేసిన రిట్ పిటిషన్‌పై సుప్రీంకోర్టు 1996 డిసెంబరు 11న తీర్పు ఇచ్చింది. తమిళనాడు, ఆంధ్రప్రదేశ్ తీరాలను పరిశీలించిన నీరి సంస్థ నివేదికలను కోర్టు ఆధారంగా తీసుకొన్నది. రొయ్యల సాగు వలన కలిగే పర్యావరణ, సామాజిక నష్టం దాని రాబడి కంటె ఎక్కువన్న అభిప్రాయాన్ని తీర్పులో నమోదు చేసింది. సంప్రదాయ, మెరుగుపరచిన సంప్రదాయ పద్ధతులు తప్ప ఇతర రొయ్యల చెరువులను తీర నియంత్రణ మండలిలో నిషేధించింది. వ్యవసాయ భూములు, ఉప్పు కయ్యలు, మడ అడవులు, చిత్తడి నేలలు, గ్రామ ఉమ్మడి భూములను రొయ్యల చెరువులుగా మార్చరాదన్నది. ముందుజాగ్రత్త సూత్రం, కాలుష్యకారకుడే చెల్లించాలన్న సూత్రం ఆధారంగా బాధితులకు పరిహారం నిర్ణయించే ప్రాధికార సంస్థను ఏర్పాటు చేయమని ఆదేశించింది.

తీర్పు అమలు దాని అక్షరానికి తగినట్లు సాగలేదు. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టాన్ని చేసి, తీర నియంత్రణ మండలి నిషేధం నుండి ఆక్వా సాగును మినహాయించి, అనుమతి, నమోదు విధానాన్ని ప్రవేశపెట్టింది. నిషేధం నియంత్రణగా మారినది. ఆ చట్టం కింద వెలువడిన మార్గదర్శకాలు వ్యవసాయ భూమికి, చెరువులకు మధ్య ఖాళీ ఉండాలని, క్షేత్రం మొత్తంలో నీటి వ్యాప్తి 60 శాతానికి మించరాదని చెబుతాయి. నియమాలు కాగితంపై ఉన్నవి. వరద వచ్చినప్పుడు పరీక్షకు నిలిచేది క్షేత్రంలోని గట్టు.

కొల్లేరు అనుభవం

భూమి వాడకానికి, వరదకు గల సంబంధం కొల్లేటిలో మరింత స్పష్టం. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, అనేక డెల్టా మురుగు కాలువలు ఈ సరస్సులో కలుస్తాయి. బయటికి పోయే దారి ఉప్పుటేరు ఒక్కటే. రాబడికి, పోకకు ఉన్న ఈ తేడాను సరస్సు వైశాల్యమే భరించాలి. +5 అడుగుల కాంటూరు లోపల 308 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని 1999లో అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో సరస్సు రామ్‌సర్ జాబితాలో చేరినది. సరస్సు గర్భంలో చేపల చెరువుల గట్లు పెరిగిన కొద్దీ వరద నీరు ఎగువ లంక గ్రామాలలోకి, చుట్టుపక్కల వరి పొలాలలోకి ఎగదన్నడం మొదలైనది.

సుప్రీంకోర్టు నియమించిన కేంద్ర సాధికార కమిటీ సిఫార్సులు, 2006 ఏప్రిల్‌లో వెలువడిన కోర్టు ఆదేశాల ప్రకారం చెరువుల గట్లను పెద్ద ఎత్తున తొలగించారు. తరువాత అభయారణ్యం పరిధిని +3 కాంటూరుకు కుదించాలన్న కోరిక బలపడగా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ ఆ కుదింపును సమర్థించలేదు. తరువాతి సంవత్సరాలలో గట్లు మళ్ళీ వెలిశాయి. ఈ అనుభవం నేర్పే పాఠం ఒకటి: కోర్టు ఆదేశం గట్టును తొలగించగలదు గాని, ఆ గట్టుపై ఆధారపడిన జీవనానికి ప్రత్యామ్నాయం చూపకపోతే ఆ తొలగింపు నిలువదు. కొల్లేటి చెరువులపై పెద్ద పెట్టుబడిదారులే గాక వాటాదారులైన లంక గ్రామాల మత్స్యకార కుటుంబాలు, కూలీలు కూడా ఆధారపడి ఉన్నారు. చట్టం అందరినీ ఒకే గాటన కట్టినప్పుడు అమలుకు ప్రజల మద్దతు దొరకదు.

మరొక డెల్టాలో ఇదే వివాదం

అమెరికాలో మిసిసిపీ డెల్టా అనుభవం ఇక్కడ పోల్చదగినది. లూసియానా రాష్ట్రంలో చమురు, సహజ వాయువు కంపెనీలు చిత్తడి నేలలలో త్రవ్విన కాలువల వలన ఆ నేలలు కోసుకుపోయి, తుఫాను ఉప్పెన నుండి రక్షణ తగ్గిందని ఆరోపిస్తూ న్యూ ఆర్లీన్స్ ప్రాంతపు వరద రక్షణ సంస్థ 2013 జులైలో 97 కంపెనీలపై దావా వేసింది. ఆ సంస్థ పట్ల కంపెనీలకు అటువంటి చట్టబద్ధమైన విధి లేదన్న కారణంతో ఫెడరల్ కోర్టులు దావాను కొట్టివేశాయి. 2017లో అప్పీలు కోర్టు దానిని ధ్రువపరచింది. అదే రాష్ట్రంలోని ప్లాకెమిన్స్ పారిష్ వేరొక దారి ఎంచుకొన్నది. సాధారణ నష్టపరిహార సూత్రాలపై గాక, తీర ప్రాంత అనుమతుల చట్టం ఉల్లంఘనపై దావా వేసింది. 2025 ఏప్రిల్‌లో జ్యూరీ షెవ్రాన్ కంపెనీ 74 కోట్ల డాలర్లకు పైగా చెల్లించాలని నిర్ణయించింది. ఆ వివాదం పై కోర్టులలో కొనసాగినది.

ఈ రెండు కేసుల తేడా కృష్ణా డెల్టాకు ఉపయోగపడుతుంది. వరదను మీరు పెంచారన్న సాధారణ ఆరోపణ కంటె, అనుమతిలోని ఫలానా షరతును మీరు పాటించలేదన్న నిర్దిష్టమైన ఆరోపణ న్యాయస్థానంలో బలంగా నిలుస్తుంది.

ఉమ్మడి నష్టం, విభజింపదగిన బాధ్యత

ముంపు వ్యాజ్యాలలో అత్యంత కఠినమైన ప్రశ్న కార్యకారణ సంబంధం. వందలాది చెరువులలో ఏ ఒక్కటీ తానుగా పొలాన్ని ముంచదు. అన్నీ కలిసి ముంచుతాయి. సాధారణ సివిల్ దావాలో ప్రతివాది తన గట్టు తీసివేసినా పొలం మునిగేదేనని వాదించి తప్పించుకొనవచ్చు. 2010 జాతీయ హరిత ట్రిబ్యునల్ చట్టం 17వ సెక్షన్ ఈ చిక్కుకు ఒక పరిష్కారం చూపినది. నష్టం ఒక్క కార్యకలాపానికి ఆపాదించలేనిదై, అనేక కార్యకలాపాల సమష్టి ఫలితమైనప్పుడు, ట్రిబ్యునల్ న్యాయబద్ధమైన రీతిలో బాధ్యతను వారి మధ్య పంచవచ్చు. పరిహారం కొరకు 15వ సెక్షన్ కింద కారణం ఏర్పడిన ఐదేళ్ళలోగా, ఇతర వివాదాలకు 14వ సెక్షన్ కింద ఆరు నెలలలోగా దరఖాస్తు చేయాలి. తగిన కారణం ఉంటే మరి 60 రోజులు గడువు లభించవచ్చు. ఆంధ్రప్రదేశ్ చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలో ఉన్నది.

బాధ్యతను పంచాలంటే కొలత కావాలి. ఆ కొలత న్యాయవాది వద్ద ఉండదు. వరద సహాయం కొరకు చేసే పంట నష్టం లెక్కింపు ఎంత నష్టం జరిగినదో చెబుతుంది, ఎందుకు జరిగినదో చెప్పదు. ప్రభుత్వం ఇచ్చే పెట్టుబడి రాయితీ సహాయం మాత్రమే, అది బాధ్యత నిర్ణయం కాదు.

విస్తరణ శాస్త్రవేత్త నమోదు చేయవలసినవి

మొదటిది, వరదకు ముందు స్థితి. ఏ మండలంలోనైనా వేసవిలో ఎంపిక చేసిన పొలాలలో మృత్తికా విద్యుద్వాహకత, ఉదజని సూచిక, భూగర్భ జల మట్టం కొలిచి భద్రపరచాలి. ముందు స్థితి లేనిదే తరువాతి మార్పుకు సాక్ష్యం లేదు.

రెండవది, దూరానుసారం నమూనాలు. చెరువు గట్టు నుండి 10, 50, 100 మీటర్ల దూరాలలో మట్టిని సేకరించాలి. దూరం పెరిగే కొద్దీ ఉప్పదనం తగ్గితే ఊట మూలం చెరువన్న అనుమానం బలపడుతుంది. పొలమంతటా సమంగా ఉంటే సముద్రపు పోటు, ఉప్పెన, లేదా నేల యొక్క సహజ చౌడు కారణం కావచ్చు. 1977 నవంబరు 19 ఉప్పెనకు గురైన దివిసీమ వంటి ప్రాంతంలో ఈ విచక్షణ లేకుండా చెరువులపై నింద వేయడం శాస్త్రం కాదు, న్యాయం కూడా కాదు.

మూడవది, ముంపు కాలం. నీరు చేరిన తేదీ, దిగిన తేదీ, గరిష్ఠ లోతు, పంట దశ, రకం, పైరు ఎత్తు గ్రామాలవారీగా వ్రాయాలి. చెరువులు లేని మురుగు కాలువ పరిధిలో అదే వర్షానికి నీరు ఎన్ని రోజులు నిలిచినదో పోల్చి చూడాలి. ఈ పోలిక లేనిచోట వర్షానిది, గట్టుది వేరు చేయడం అసాధ్యం.

నాలుగవది, కాలువ కొలతలు. పెదలంక, లజ్జబండ వంటి డ్రెయిన్లలో రూపకల్పన కొలతలకు, నేటి అడ్డుకోతకు గల తేడాను జలవనరుల శాఖతో కలిసి నమోదు చేయాలి. పూడికకు ఆక్వా వ్యర్థాలే గాక నిర్వహణ లోపం, గుర్రపు డెక్క, ఊళ్ళ మురుగు కూడా కారణాలే. వాటి వాటాలను దాచకుండా వ్రాసిన నివేదికనే కోర్టు నమ్ముతుంది. వేర్వేరు సంవత్సరాల ఉపగ్రహ చిత్రాలు చెరువుల విస్తరణ క్రమాన్ని చూపగలవు.

ఐదవది, సాగుదారు గుర్తింపు. భూమి పత్రాలు యజమాని పేర ఉన్నప్పుడు పంట నష్టపోయిన కౌలు రైతుకు సాక్ష్యం కరవవుతుంది. 2019 నాటి పంట సాగుదారుల హక్కుల చట్టం కింద ఇచ్చే కార్డు ఉన్నదీ లేనిదీ క్షేత్ర నమోదులో చేర్చడం మంచిది.

ముగింపు

వ్యాజ్యం చివరి సాధనం. అది వరద వచ్చి వెళ్ళిన తరువాత మొదలై సంవత్సరాలు సాగుతుంది. అంతకు ముందే మురుగు కాలువ పరిధిని ఒక యూనిట్‌గా తీసుకొని, అందులో ఎంత విస్తీర్ణం వరకు చెరువులను ఆ కాలువ భరించగలదో నిర్ణయించి, అనుమతులను ఆ పరిమితికి లోబరచడం మేలు. నేడు ప్రతి చెరువుకు విడివిడిగా అనుమతి ఇస్తున్నారు. నీరు మాత్రం అన్ని గట్లనూ కలిపి లెక్కిస్తుంది. మచిలీపట్నం వద్ద 2023లో మొదలైన ఓడరేవు నిర్మాణంతో తీర భూముల మెరకలు, రహదారులు, పరిశ్రమలు మున్ముందు పెరిగే అవకాశం ఉన్నది. ఆ పనులకు కూడా ఇదే సూత్రం వర్తించాలి.

చెరువు యజమానికి, వరి రైతుకు మధ్య విరోధం పెంచడం పరిశోధకుని పని కాదు. నిన్నటి వరి రైతే నేటి చెరువు యజమాని. రేపు పక్క గట్టు వలన నష్టపోయేవాడు అతడే కావచ్చు. ఎవరి వాటా ఎంతో చెప్పగల నమ్మదగిన కొలతలు ఊరిలో ఉన్నప్పుడు అనేక వివాదాలు కోర్టు మెట్లెక్కకుండానే పరిష్కారమవుతాయి. మెట్లెక్కినవి బాధితునికి పరిహారం లభించేంత వరకు నిలుస్తాయి. ఆ కొలతలను వరద రాక ముందే సిద్ధం చేయవలసిన బాధ్యత విస్తరణ వ్యవస్థదే.